పిట్టగోడ లేని ఇల్లు
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, 8వ వచనము

రేడియో దగ్గర కూర్చున్న పెద్దలకు, వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, మీ చుట్టూ ఆడుకుంటున్న పిల్లలకు శుభములు. ఈ ఉదయము ముఖ్యముగా ఆ పిల్లలను గురించే మాట్లాడాలని వచ్చాను.

మనము ధ్యానమునకు తీసుకున్న వచనము చాలా చిన్నది. సండే స్కూలులో దీన్ని ఎవరూ కంఠతా పట్టించరు. నేను సెమినరీలో చదివిన రోజుల్లో కూడ ఈ అధ్యాయమును గబగబా దాటేసి ముందుకు వెళ్ళిపోయాము. పక్షి గూడు సంగతి, తప్పిపోయిన ఎద్దు సంగతి, వాటి మధ్యలో ఈ ఒక్క మాట ఉన్నది. ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. కట్టించకపోయినందున ఎవరైనా పైనుండి పడితే, ఆ రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వస్తుంది. మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞ ఇది.

ఇశ్రాయేలీయుల ఇళ్ళు మన డాబాల వంటివే. రాహాబు జనుపకట్టెను ఎండబెట్టింది మిద్దె మీదనే. పేతురు ప్రార్థన చేసుకొనుటకు ఎక్కింది మిద్దె మీదికే. మనము వడియాలు పెట్టుకున్నట్టు, మిరపకాయలు ఆరబోసుకున్నట్టు, వేసవి రాత్రులు చాపలు పరుచుకొని పడుకున్నట్టు వాళ్ళు కూడ మిద్దె మీద సగము కాపురము చేసేవారు. అలాంటి చోట పడిపోవుట వింత కాదు. అందుకని దేవుడు చట్టము చేశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ చట్టము ఎవరికి ఇచ్చాడు? మిద్దె ఎక్కే అతిథికి కాదు. "ఓయీ, అంచు దగ్గర జాగ్రత్తగా నడువు" అని ఆయన చెప్పలేదు. "మీ పిల్లలను మీరే పట్టుకోండి" అని తల్లులకు చెప్పలేదు. ఇల్లు కట్టేవానికి చెప్పాడు. ఎందుకంటే చీకట్లో నడిచేవానికి అంచు కనబడదు. కట్టినవానికి అంచు ఎక్కడున్నదో తెలుసు. ఈ తేడా ఒక్కటి మనస్సులో పెట్టుకొని నా మాటలు వినండి.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుగా పెయింటింగ్ పని. గుంటూరు జిల్లాలో ఆయన రంగు వేయని వీధి లేదు అంటే అతిశయోక్తి కాదు. మా చర్చి గేటు, కిటికీ చువ్వలు, పాస్టరు ఇంటి తలుపులు అన్నీ ఆయన చేతి పనే. క్రిస్మసు ముందు నెలన్నరపాటు ఆయనకు నిద్ర ఉండదు. ఆయనకొక మనుమడు. మూడేళ్ళ క్రితము ఆ పిల్లవానికి రెండున్నరేళ్ళ వయస్సు. తాత సాయంత్రము పని నుండి వచ్చి సైకిలు దిగగానే పరుగెత్తుకొని వెళ్ళి ఆ రంగుల చొక్కాను కరచుకొనేవాడు.

ఆ పిల్లవానికి కడుపునొప్పి మొదలైంది. విరేచనము సరిగా అయ్యేది కాదు. అన్నము తినడు, ముఖము పాలిపోయింది. అప్పటికి వచ్చిన నాలుగు మాటలు కూడ తగ్గిపోయి ఊరకే చిరాకుపడేవాడు. నులిపురుగుల మందు పోశారు. దిష్టి అన్నవారున్నారు. నేను కూడ ఇంటికి వెళ్ళి రెండుసార్లు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వచ్చాను. చివరికి ఒక పిల్లల డాక్టరు గారు మందుల చీటి రాయబోతూ కలము ఆపి, "ఇంట్లో ఎవరు ఏమి పని చేస్తారమ్మా?" అని అడిగారట. ఆ ప్రశ్న ఆయన చేత దేవుడే అడిగించాడని నేను నమ్ముతాను. రక్తము తీసి పరీక్షకు పంపించారు. డెసీలీటరు రక్తములో 31 మైక్రోగ్రాముల సీసము ఉన్నదని వచ్చింది.

సీసము అంటే ఏమిటో మనలో చాలామందికి సరిగా తెలియదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు రక్తములో సీసము, నికెలు కనబడ్డాయని పత్రికల్లో చదివాము. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు చూపించారు. ఆ వారము రోజులు మాత్రము ప్రతివారూ నన్ను "అయ్యగారూ, సీసము అంటే పెన్సిల్లో ఉండేదేనా?" అని అడిగారు. కాదండి. పెన్సిల్లో ఉండేది గ్రాఫైటు, దానితో భయము లేదు. సీసము బరువైన లోహము. పాత బ్యాటరీల్లో, చేపల వలకు కట్టే గుండ్లలో ఉండేది అది.

ఈ లోహము మన ఒంటిని మోసగిస్తుంది. శరీరము దీన్ని కాల్షియము అనుకొని ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ దశాబ్దాలపాటు ఉంటుంది. ఆడపిల్ల చిన్నతనములో మింగిన సీసము, ఆమె గర్భవతియైనప్పుడు ఎముకల నుండి కరిగి కడుపులోని బిడ్డకు చేరగలదు. పెద్దవాళ్ళు మింగినదానిలో కొద్దిపాటే ఒంటికి పడుతుంది. చిన్నపిల్లలకు అంతకు నాలుగైదు రెట్లు పడుతుంది. వారి మెదడు అప్పుడప్పుడే అల్లుకుంటూ ఉంటుంది గనుక దెబ్బ అక్కడ తగులుతుంది. చదువు మందగిస్తుంది, ఒకచోట నిలకడగా కూర్చోలేరు, కోపము ఎక్కువవుతుంది. మనమేమో "మొద్దు పిల్లవాడు" అని రెండు దెబ్బలు వేస్తాము.

ఎంత సీసమైతే ఫరవాలేదు? అమెరికాలో 1960లలో 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదన్నారు. 1991లో 10కి దించారు. 2012లో 5కి, 2021లో 3.5కి దించారు. తెలుసుకొన్నకొలదీ దించుకుంటూ వచ్చారు. హాని చేయని మోతాదు అంటూ ఏదీ కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2020లో యునిసెఫ్ వారు ఒక నివేదికలో ప్రపంచములో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి 5 గాని అంతకుమించి గాని ఉన్నదని లెక్క కట్టారు. మన దేశములోనే అలాంటి పిల్లలు సుమారు 27 కోట్లు ఉంటారని అందులో ఉన్నది.

మళ్ళీ మన పెద్దాయన దగ్గరకు వస్తాను. సీసము ఎక్కడినుండి వచ్చింది? పెయింటులో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు నిగనిగలాడుటకు సీసపు క్రోమేటు కలుపుతారు. త్వరగా ఆరుటకు కూడ సీసపు లవణాలు కలిపేవారు. గోడలకు వేసే నీటి రంగుల్లో ఇది సాధారణముగా తక్కువ. తలుపులకు, చువ్వలకు, బెంచీలకు వేసే ఎనామిల్ పెయింట్లలోనే ఎక్కువ. పాత రంగును ఎమెరీ పేపరుతో పొడిగా రుద్దినప్పుడు లేచే దుమ్ము మరీ ప్రమాదము. ఆ దుమ్ము ఆయన చొక్కాలో, తలలో, సైకిలు మీద ఇంటికి వచ్చింది. ఇంకొకటి కూడ ఉన్నది. మన ఊళ్ళలో గడపకు పసుపు రాసే అలవాటు తరతరాలది. ఇప్పుడు చాలా ఇళ్ళలో రోజూ రాసే ఓపిక లేక పసుపు రంగు ఎనామిల్ వేయించేస్తున్నారు. మతభేదము లేదు, మన క్రైస్తవుల ఇళ్ళలో కూడ చూస్తున్నాను. పాకే పిల్లవాడు మొదట పట్టుకొని నిలబడేది ఏది? గడప. అదే చేతిని నోట్లో పెట్టుకుంటాడు. పైగా సీసపు రంగు పెచ్చు నాలుకకు కొంచెము తియ్యగా ఉంటుందట. ఇది విన్నప్పుడు నాకు ఏదెను తోటలోని పండు గుర్తుకు వచ్చింది.

ఫలితము తెలిసిన రాత్రి ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మగారు ఇచ్చిన మంచినీళ్ళు కూడ తాగలేదు. తన రెండు అరచేతులు నా ముందు చాపి, "అయ్యగారూ, ఈ చేతులతో నేనే పెట్టానా వాడికి?" అని అడిగాడు.

ప్రియులారా, ఇరవై ఏళ్ళ సేవలో నాకు జవాబు దొరకని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ రాత్రి నేను ఏదో వాక్యము చదివి ఓదార్చి పంపించాను గాని నా మనస్సు నెమ్మదించలేదు. ఆయనకు ఆ డబ్బాలో ఏమున్నదో తెలియదు. కంటికి కనబడదు, వాసన రాదు. డబ్బా మీద రాసి లేదు. మరి తెలిసినవాడెవడు?

ఆ వారమంతా ఈ ప్రశ్న పట్టుకొని చదివాను. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గురించిన చట్టమున్నది. ఎద్దు మొదటిసారి ఎవరినైనా పొడిచి చంపితే దాని యజమానుడు నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని అంతకుముందే తెలిసి, అతనికి హెచ్చరిక కూడ చెప్పియుండగా, అతడు దాన్ని కట్టివేయకపోతే అప్పుడు అతడు దోషియే. మరణశిక్షకు పాత్రుడు. దేవుని ధర్మశాస్త్రములో తెలిసియుండుట అనేది అంత బరువైన సంగతి.

సీసమనే ఎద్దు పొడుస్తుందని ఎప్పటినుండి తెలుసు? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరములో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు ఉండేవాడు. ఆ ఊరి పిల్లలకు ఎందుకు సీసపు జబ్బు వస్తున్నదో వెదికి, ఇళ్ళ వరండాల కటకటాలకు వేసిన రంగే కారణమని 1904లో ప్రకటించాడు. అక్కడి ఎండకు రంగు పిండిపిండిగా రాలేది. పిల్లలు ఆ కమ్మీలు పట్టుకొని ఆడి వేళ్ళు నోట్లో పెట్టుకొనేవారు. వరండాకు కటకటము ఎందుకు పెడతారు? పిల్లలు పడిపోకుండ. ద్వితీయోపదేశకాండములోని పిట్టగోడ వంటిదే అది. కాపాడుటకు కట్టినదే విషమైపోయింది. గిబ్సన్ చెప్పిన పద్దెనిమిదేళ్ళకు, 1922లో, పిల్లల చేతికి అందే చోట సీసపు రంగు వేయకూడదని క్వీన్స్‌లాండ్ రాష్ట్రము చట్టము చేసింది. అంతకు ఒక ఏడు ముందు 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారు ఇళ్ళలోపల తెల్ల సీసపు రంగులు వాడరాదని ఒడంబడిక చేశారు. అది పెయింటర్ల కోసము చేసినది.

అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసమును 1978లో నిషేధించింది. మరుసటి సంవత్సరము హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు ఒక పరిశోధన ప్రకటించాడు. మన పిల్లలకు పాలపళ్ళు ఊడితే ఇంటికప్పు మీదికి విసరమంటాము కదా, ఆయన బోస్టను దగ్గరి రెండు పట్టణాల్లో రెండువేలమందికి పైగా పిల్లల పాలపళ్ళు అడిగి పోగుచేశాడు. పళ్ళలో సీసము ఎక్కువున్న పిల్లలు తెలివి పరీక్షల్లో వెనుకబడ్డారు. ఎవరి పంటిలో ఎంత ఉన్నదో తెలియని టీచర్లే ఆ పిల్లలు నిలకడ లేనివారని రాసి ఇచ్చారు. ఈ పరిశోధన తప్పని నిరూపించాలని సీసపు పరిశ్రమ పక్షమువారు ఆయన మీద ఏళ్ళ తరబడి నిందలు వేశారు. విచారణలు జరిగాయి. ఆయన మోసమేమీ చేయలేదని తేలింది. ప్రవక్తలను రాళ్ళతో కొట్టుట పాత నిబంధనతోనే ఆగిపోలేదు.

మన దేశపు సంగతి చూద్దాము. పెట్రోలులో సీసమును 2000లో ఆపారు. రంగుల్లో మాత్రము ఉండిపోయింది. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారు జీవితమంతా దీని మీదనే పెట్టారు, ఆయనను దేశములో సీసపు మనిషి అనే పిలుస్తారు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ వంటి సంస్థలు బజారులో డబ్బాలు కొని పరీక్ష చేయించి ఫలితాలు బయటపెట్టాయి. వారు ఏళ్ళ తరబడి అడగగా అడగగా 2016 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖవారు నియమాలు ప్రకటించారు. ఇళ్ళకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసము పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదు. 2017 నవంబరు నుండి ఇది అమలులో ఉన్నది. బ్రిస్బేన్ డాక్టరు చెప్పిన నూట పదమూడేళ్ళకు మన ఇంటికి పిట్టగోడ లేచింది.

లేచింది గాని ఎత్తు చాలలేదు. పెద్ద కంపెనీలు సీసము మానివేశాయి. వేరే పదార్థాలతో అవే రంగులు వస్తున్నాయి, ఆకాశము ఊడిపడలేదు. చిన్న చిన్న పేర్లతో వచ్చే ఎనామిల్ డబ్బాల్లో ఇప్పటికీ పరిమితికి మించి దొరుకుతూనే ఉన్నది. ఆ నియమాలు యంత్రాలకు, వాహనాలకు వేసే పారిశ్రామిక రంగులకు వర్తించవు. ఆ డబ్బా కూడ అదే షాపులో, అదే అర మీద ఉంటుంది. మిగిలిన దానితో ఇంటి గేటుకు పూస్తే ఆపేదెవరు? దేశమంతటా ఉన్న పాత గోడలు, పాత తలుపుల సంగతి సరేసరి.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్లవాని సంగతి జరుగకముందు క్రిస్మసుకు మా సండే స్కూలు బెంచీలకు రంగు వేయించాము. పిల్లలకు ఉత్సాహముగా ఉంటుందని పసుపు, ఆకుపచ్చ నేనే ఎంచుకున్నాను. రెండు రకాల డబ్బాలు చూపిస్తే తక్కువ ధర దానినే తీసుకున్నాను. కానుక సొమ్ము పొదుపుగా వాడాననుకొని కమిటీలో మెప్పు కూడ పొందాను. పరీక్ష ఫలితము వచ్చిన తరువాత ఆ బెంచీ రంగు పెచ్చు, గడప రంగు పెచ్చు కలిపి హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పంపించాము. పరిమితి 90 అయితే రెండింటిలోను వేలల్లో వచ్చింది. నలభైమంది పిల్లలు ఆ బెంచీల మీద వాక్యము నేర్చుకుంటూ, పళ్ళతో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నారు.

ఆ డబ్బాలు అమ్మిన సహోదరుడు మా సంఘ కమిటీ సభ్యుడే. ఆయన దగ్గరకు వెళ్ళుటకు నాకు నాలుగు రోజులు పట్టింది. వెళ్ళి కాగితము చూపించాను. ఆయనకు కోపము వచ్చింది. "అయ్యగారూ, పైనుంచి డబ్బా వస్తుంది, నేను అమ్ముతాను. లోపల ఏముందో నాకేం తెలుసు? మీ చేతిలో మైకు ఉందని ఆదివారము నన్ను నిలబెడతారా?" అన్నాడు. రెండు నెలలు గుడికి రాలేదు. నేను ఆయన పేరు ఎక్కడా ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను.

తరువాత ఒక రాత్రి ఆయనే వచ్చాడు. లేబులు మీద సీసము సంగతి రాయని డబ్బాలన్నీ పక్కన పెట్టేశానని, అరవై వేలకు పైగా సరుకు ఆగిపోయిందని చెప్పి, ఒక మాట అడిగాడు. "నేనొక్కణ్ణి మానేస్తే ఏమవుతుంది అయ్యగారూ? ఎదురు షాపులో అదే డబ్బా నూటయాభై తక్కువకు అమ్ముతున్నారు. నా పెయింటర్లు అక్కడికే వెళ్తున్నారు. మంచివాడికే నష్టమా?"

ఆ మాట నన్ను పట్టుకొన్నది. ఒక్కొక్కరి మనస్సాక్షికి వదిలేస్తే మనస్సాక్షి ఉన్నవాని దుకాణమే ముందు మూతపడుతుంది. అందుకే దేవుడు పిట్టగోడను మంచివారి ఇష్టమునకు వదలలేదు. ఊరిలో ప్రతి కొత్త ఇంటికీ పెట్టాడు. అందరూ కట్టాలంటే ఎవనికీ ప్రత్యేకముగా నష్టము లేదు.

చట్టము కాగితము మీద ఉంటే ఎవరు చూడొచ్చారు అంటారా? బంగ్లాదేశ్ సంగతి చెబుతాను. అక్కడ పసుపు కొమ్ములు మెరియుటకు మెరుగు పెట్టే మిల్లుల్లో సీసపు క్రోమేటు కలిపేవారు. పెయింటులో వేసే అదే పసుపు రంగు, నేరుగా కూరలోకి. 2019లో పరిశోధకులు దీన్ని బయటపెట్టగానే అక్కడి ఆహార భద్రతా సంస్థ కదిలింది. పత్రికల్లో హెచ్చరికలు వేశారు, బజారుల్లో నోటీసులు అంటించారు, అధికారులు చేతిలో పట్టుకొనే యంత్రముతో టోకు బజారుకు వెళ్ళి అక్కడికక్కడే పరీక్షించి జరిమానా వేశారు. 2019లో బజారులో తీసిన నమూనాల్లో 47 శాతములో సీసము ఉన్నది. 2021 నాటికి ఒక్క నమూనాలో కూడ లేదు. మనకు దుగ్గిరాల, నిజామాబాదు వంటి పసుపు మార్కెట్లు ఉన్నాయి గనుక ఈ సంగతి మన రైతులు, వ్యాపారులు తెలుసుకోవాలి. రెండేళ్ళు చాలినది, శ్రోతలారా. కావలసింది ఒక యంత్రము, దాన్ని పట్టుకొని బజారుకు వెళ్ళే అధికారి.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఆ అధికారి ఎవరో తెలుసా? యాజకుడు. ఇంటిగోడలో పొడలాంటిది కనబడితే యజమాని తానే వెళ్ళి చెప్పాలి. యాజకుడు వచ్చి ముందు సామానంతా బయట పెట్టించి, చూచి, ఏడు రోజులు ఇల్లు మూయించి, మళ్ళీ చూడాలి. వ్యాపించియుంటే ఆ రాళ్ళు ఊడదీయించి, గోడలు గీయించి, ఆ గీసిన పొడిని ఊరి వెలుపల అపవిత్రమైన చోట పారబోయించాలి. మనమో, గీసిన పొడిని వాకిట్లోనే ఊడ్చి మందారచెట్టు మొదట్లో వేస్తాము. "పాస్టరు గారికి పెయింటు డబ్బాలతో పనేమిటి, ఆత్మల సంగతి చూసుకోక" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. ఆయనకు నేను ఈ అధ్యాయమే చదివి వినిపించాను. ఇంకేమీ చెప్పలేదు.

క్రిస్మసు దగ్గరపడుతున్నది, మీ ఇళ్ళకు, గుళ్ళకు రంగులు వేయిస్తారు. ఎనామిల్ డబ్బా కొనేటప్పుడు సీసము 90కి మించలేదని లేబులు మీద రాసియున్నదో లేదో చూడండి. లేకపోతే తీసుకోవద్దు, షాపువానిని మర్యాదగా అడగండి. పాత రంగును పొడిగా రుద్దనివ్వద్దు. తడిపి రుద్దమనండి, పెయింటరుకు ముఖానికి మంచి మాస్కు ఇవ్వండి, ఆ పూట పిల్లలను చుట్టాల ఇంటికి పంపించండి. ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. పెయింటరు సహోదరులారా, ఇంట్లోకి రాకముందే బట్టలు మార్చుకొని, స్నానము చేసి పిల్లలను ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతికించండి. పిల్లలకు రాగిజావ, ఆకుకూరలు, పాలు పెట్టండి, ఇనుము, కాల్షియము తక్కువైన ఒంటికే సీసము ఎక్కువ పడుతుంది.

ఇదంతా చెప్పాను గాని, ఇది మిద్దె మీద జాగ్రత్తగా నడవమని చెప్పుటే. పిట్టగోడ సంగతి వేరు. దానికొరకు మా సంఘము ఒక అర్జీ తయారు చేసింది. కలెక్టరు గారికి, కాలుష్య నియంత్రణ మండలికి, మన శాసనసభ్యులకు ఇవ్వబోతున్నాము. అందులో అడిగినవి ఇవి: ప్రతి సంవత్సరము షాపుల్లో డబ్బాలు తీసి పరీక్షించి, తప్పినవారి పేర్లు పత్రికల్లో వేయండి. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో తలుపులు, కిటికీలు, ఆటవస్తువుల రంగులు పరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల రక్తములో సీసము చూచే సదుపాయము పెట్టండి. పారిశ్రామిక రంగులను కూడ ఈ నియమములోకి తెమ్మని కేంద్రమునకు రాయండి. మొదటి సంతకము ఆ పెయింటరు పెద్దాయనది. రెండవది ఎవరిదో ఊహించండి. ఆ షాపు సహోదరునిది. మా ఊరి మసీదు పెద్దలు, రామాలయము కమిటీ వారు కూడ సంతకాలు చేశారు. సీసమునకు కులము లేదు, మతము లేదు అన్నారు వారు.

మీ ఊళ్ళో మీ పాస్టరు గారిని అడిగి మీరు కూడ ఒకటి రాసుకోండి. మా కాగితము నకలు కావాలంటే ఈ కార్యక్రమము చిరునామాకు ఉత్తరము వేయండి, పంపిస్తాము.

బెంచీల సంగతి అడుగుతారేమో. తడిపి గీయించాము, ఆ పొడి అంతా సంచుల్లో మూటగట్టించాము. ఇప్పుడు వాటికి రంగు లేదు, ఉట్టి కొయ్య. పిల్లలకు మొదట నచ్చలేదు. మనుమడికి కడుపులోనికి మందేమీ అవసరము లేదని, మూలకారణము తీసివేస్తే నెమ్మదిగా దిగుతుందని డాక్టరు గారన్నారు. గడప గీయించారు, తాత వాకిలి బయట బట్టలు మార్చుకొనుట మొదలుపెట్టాడు. ఏడాదికి 31 కాస్తా 14 అయింది. ఇంకా దిగాలి. మాటలు తిరిగి వచ్చాయి గాని తోటి పిల్లలకంటె వెనుకనే ఉన్నాడు. పోయిన ఆదివారము సండే స్కూలులో తన పేరు తానే చెప్పాడు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఆ చిన్నవానిని నీ చేతికి అప్పగిస్తున్నాము, అతని ఒంటిలో మిగిలినది కూడ తీసివేయుము. ఆ తాత చేతులను, ఆయన మనస్సును నెమ్మదిపరచుము. రేపు సోమవారము ఉదయము పదకొండు గంటలకు మేము కలెక్టరాఫీసుకు వెళ్తున్నాము, ప్రభువా, మా అర్జీ చదివే అధికారికి కూడ ఇంట్లో పిల్లలున్నారని ఆయనకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.